పిట్ట నడుము కొలత

ఆ సెలవులకి నేను అక్క వాళ్ళింటికి దిగినప్పుడు నా చేతిలో ఒక చిన్న కుట్టుమిషను, రెండు కత్తెరలు, ఒక కొలతల పుస్తకం ఉన్నాయి, బుర్ర నిండా వీడియోలు చూసి నేర్చుకున్న విద్య ఉంది. రెండో సంవత్సరం పరీక్షలు అయిపోయి అప్పటికి మూడు రోజులే, అయినా పరీక్షలెలా రాశావని ఎవరైనా అడిగితే చొక్కాకి చెయ్యి ఎలా అతకాలో చెప్పేదాన్ని, అంత పిచ్చి పట్టింది నాకు.

ఊరందరికీ సెలవులంటే సెలవులు, మా అక్క ఇంట్లో మాత్రం అది సీజను. అక్క బస్సు స్టాండులో టికెట్ కౌంటర్లో కూర్చుంటుంది, బావ దూరం బస్సు నడుపుతాడు. స్కూళ్ళు మూసిన రోజు నుంచి తెరిచే రోజు దాకా జనం బస్సుల మీద విరుచుకుపడతారు, కాబట్టి ఆ ఏడెనిమిది వారాలూ వాళ్ళిద్దరికీ వారానికి ఒక్క రోజు కూడా తెరిపి ఉండదు. అందుకే నన్ను పిలిచారు. పిల్లలిద్దరూ ఆడపిల్లలే. పెద్దదానికి ఏడేళ్ళు, మాటలు వచ్చిన దగ్గర్నుంచీ కిచకిచలాడుతూనే ఉంటుంది, దాన్ని పిట్ట అంటాం. చిన్నదానికి నాలుగేళ్ళు, దాన్ని బంతి అని ఎందుకంటామో దాన్ని చూసినవాళ్ళెవరూ అడగరు.

"టైముకింత తిండి పెట్టి, రోడ్డు మీదకి పోకుండా చూడవే, అదే పదివేలు" అంది అక్క, నేను సంచి కూడా కింద పెట్టకముందే.

"అది చూసుకోవడమా అక్కా. ఈ సెలవుల్లో వీళ్ళ ఒంటి మీద కొన్న బట్ట ఒక్కటి కూడా పడదు చూడు. గౌన్లు, స్కర్టులు, రాత్రి వేసుకునే పైజమాలు కూడా నేనే కుడతా. బిస్కెట్లు, కేకులు ఇంట్లోనే చేస్తా."

"బిస్కెట్లు కాలుస్తూ ఇల్లు కాల్చకు."

ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. డ్యూటీలో ఉన్నవాళ్ళకి ఇంటి సంగతులు చేరవెయ్యకూడదు. బావ దాన్ని నవ్వుతూనే చెప్పాడు గానీ నవ్వులాటకి చెప్పలేదు.

"నా వెనక యాభై మంది కూర్చుంటారు మరదలా. ఇంట్లో కుక్కర్ పేలాలన్నా నేను బస్సు దిగాకే పేలాలి. మీ అక్కకీ అంతే, కౌంటర్లో ఉన్నప్పుడు మనసు ఇటు తిరిగిందంటే తప్పు తేదీకి టికెట్ కొట్టేస్తుంది, ఎవడో పాపం స్టాండులో పడుకుంటాడు."

నేను సరేనన్నాను. నాకు చాలా పెద్దదాన్నైపోయినట్టు అనిపించింది, ఒక ఇల్లు నా చేతికిచ్చారు కదా.

మొదటి సోమవారమే పని మొదలుపెట్టాను. అక్క తీసి మూటగట్టిన పాత కాటన్ కర్టెన్లు దొరికాయి, పసుపు మీద చిన్న చిన్న ఆకులు, ఎంత బాగున్నాయో. ఇద్దరికీ అందులోంచే స్కర్టులు, పైకి బావ పాత నీలం చొక్కాల్లోంచి చేతుల్లేని జాకెట్లు. పిట్టని స్టూలు మీద నిలబెట్టి టేపు చుట్టాను. నడుము ఇరవై ఒకటిన్నర. బంతికి ఇరవైన్నర.

"అదేంటి పిన్నీ, నేను మూడేళ్ళు పెద్దదాన్ని, దానికీ నాకూ ఒక్క అంగుళమేనా తేడా? టేపు తప్పు. మళ్ళీ కొలువు. దాన్ని ఊపిరి బిగబట్టమను. అది ఊపిరి వదిలేసింది పిన్నీ, నేను చూశాను" అని పిట్ట స్టూలు దిగేదాకా ఆపలేదు.

"నువ్వు పొడుగు పెరిగావు, అది అడ్డం పెరిగింది, సరికి సరి" అన్నాను. బంతికి తనని మెచ్చుకున్నానని అర్థమైంది, పొట్ట ఇంకాస్త ముందుకి పెట్టింది.

నడుముకి ఎలాస్టిక్ వెయ్యను, అది నా పంతం. ఎలాస్టిక్ వేస్తే అది కుట్టడం కాదు, మూట కట్టడం అనేదాన్ని. సరిగ్గా కొలత తీసి, పట్టీ వేసి, పక్కన గుండీ పెట్టాలి, అప్పుడే స్కర్టు స్కర్టులా ఉంటుంది. రెండు రోజుల్లో రెండూ అయిపోయాయి. ఇద్దర్నీ వరండాలో నిలబెట్టి ఫొటోలు తీసి నా స్నేహితులందరికీ పంపాను, సాయంత్రం దాకా ఫోను మోగుతూనే ఉంది.

తినే వాటికి ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించాను. సోమవారం బిస్కెట్లు, బుధవారం నిమ్మరసం పంచదార కలిపి గడ్డకట్టించిన ఐసు, శనివారం కుక్కర్లో కేకు. పిల్లలు రోజూ పొద్దున్న లేవగానే వెళ్ళి ఆ కాగితం చదివేవాళ్ళు. బంతికి చదవడం రాదు, అయినా వేలు పెట్టి చదివేది.

రెండో వారం చివర పిట్ట స్కర్టు జారుతోందని చూశాను. గుండీ పెట్టాక కూడా రెండు వేళ్ళు దూరుతున్నాయి. నాకు తల కొట్టేసినట్టైంది. అంత గొప్పలు పోయి, ఫొటోలు పంపి, తీరా చూస్తే కటింగే తప్పు. మళ్ళీ కొలిస్తే ఇరవై ఒకటి వచ్చింది. మొదటిసారి అది కబుర్లు చెబుతూ కదిలింది, అందుకే తప్పు వచ్చిందని తేల్చుకున్నాను. పుస్తకంలో పాత అంకె పక్కన కొత్త అంకె వేసి, తేదీ వేసి, 'తప్పు నాదే' అని రాశాను. పక్క కుట్లు విప్పి అరంగుళం లోపలికి పట్టాను. అతికినట్టు కుదిరింది.

మూడో వారం ఇంకో అంగుళం పట్టాల్సి వచ్చింది.

ఆ వారమే ఒక మధ్యాహ్నం అక్క తొందరగా వచ్చింది, తోటి కౌంటరావిడతో డ్యూటీ మార్చుకుందట. పిల్లల్ని వెలుతురులో చూడటం అక్కకి పదహారు రోజుల్లో అదే మొదటిసారి. పొద్దున్న వెళ్ళేటప్పటికి వీళ్ళు లేచేవాళ్ళు కాదు, తిరిగొచ్చేసరికి నిద్రపోయేవాళ్ళు. పిట్ట అప్పుడే కొత్త గౌను వేసుకుని గచ్చు మీద పడుకుని ఉంది. అక్క దాన్ని లేపి భుజాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇదేంటే, చిక్కినట్టు లేదూ?"

"లేదక్కా. ముందు వదులుగా కుట్టాను, ఇప్పుడు ఫిటింగ్ కుదిరింది. అందుకే సన్నగా కనిపిస్తుంది."

అక్క గౌను నడుము దగ్గర వేళ్ళతో లాగి చూసింది. వేలు దూరలేదు. నిన్ననే పట్టానుగా.

"అవును. బాగా కుట్టావే. షాపులో కొన్నట్టుంది" అంది.

ఆ మాటతో నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

పిట్టకి దాహం ఎక్కువైంది. ఎండాకాలం, ఎవరికి దాహం వెయ్యదు? ఫ్రిజ్ తలుపు తెరిచి అక్కడే నిలబడి సీసా ఎత్తి తాగేది, అది అయిపోతే ఇంకొకటి. మంచినీళ్ళు తాగమని పిల్లల వెంట పడే తల్లులు ఉంటారు, మనకా బాధ లేదు అనుకున్నాను. నిమ్మ ఐసు బుధవారం ఒక్కరోజు సరిపోవడం లేదు, కాబట్టి కాగితం మీద బుధవారం కొట్టేసి రోజూ చెయ్యడం మొదలుపెట్టాను. పుల్లలు గుచ్చిన ఐసు ముక్కలు ఒకరోజు పదకొండు తింది. నా చేతి వంటంటే పిల్లకి ప్రాణమని అక్కకి చెప్పుకుని మురిసిపోయాను.

ఆ తర్వాత ఒక పొద్దున్న నేను లేచేసరికి పిట్ట గోడకి ఆనుకుని నిలబడి ఉంది, వెనక చేతులు పెట్టుకుని.

"పిన్నీ, నీళ్ళు ఒలికాయి."

దుప్పటి చూశాను. అవి సీసాలో నీళ్ళు కావు.

"రాత్రి నీళ్ళు ఎక్కువ తాగావులే. ఏం కాదు."

"అమ్మకి చెప్పకు పిన్నీ. రెండో క్లాసుకి వెళ్తున్నాను. బంతి కూడా పక్క తడపడం మానేసింది. అది నవ్వుతుంది."

"మనిద్దరి మధ్యే" అన్నాను. వేలు వేలూ కలిపి ఒట్టు పెట్టుకున్నాం. బంతి లేచేలోపు దుప్పటి ఉతికి మేడ మీద ఆరేశాను. మంచి పిన్నిలు అలాగే చేస్తారనుకున్నాను. రెండు రోజులు పోయాక మళ్ళీ ఉతికాను, ఆ తర్వాత మళ్ళీ.

ఒక్కసారి అక్కకి చెప్పబోయాను. నాలుగో వారం, పొద్దున్న ఆరున్నర. అక్క బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడి టీ తాగుతోంది, మెళ్ళో కౌంటరు కార్డు వేలాడుతోంది.

"అక్కా, పిట్ట..."

"ఏంటి?"

అక్క కళ్ళ కింద నల్లగా ఉంది. ఇప్పుడు చెబితే రోజంతా కౌంటర్లో కూర్చుని ఏం చేస్తుంది పాపం అనిపించింది. పిట్టకి పెట్టిన ఒట్టు కూడా గుర్తొచ్చింది.

"ఏం లేదు. నిన్న సరిగ్గా తినలేదు."

"ఎండలకి అంతే. రాత్రి వచ్చాక మాట్లాడదాం" అని గ్లాసు నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. రాత్రి వచ్చి సోఫాలో కూర్చుని, ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండానే నిద్రపోయింది.

ఐదో వారానికి పిట్ట మాటలు తగ్గించింది. ఇప్పుడు ఎవరికి చెప్పినా ఆ ఒక్క సంగతితోనే వాళ్ళకి అర్థమైపోతుంది. నాకు మాత్రం ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉన్నట్టు అనిపించింది, ఆ ప్రశాంతతలో రెండు గౌన్లు పూర్తి చేశాను.

మంగళవారం పొద్దున్న పదింటికి కుట్టిన బట్టలన్నీ, కొలతల పుస్తకం సంచిలో వేసుకుని కింద వాటాలో ఉండే ఓవర్‌లాక్ ఆంటీ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ దగ్గర అంచుల దారం పోగులు లేవకుండా కుట్టే మిషను ఉంది, వీధిలో అందరి బట్టలూ ఆవిడ గదిలోంచే వెళ్తాయి, ఆ పేరు అలా వచ్చిందే. పిట్ట రానంది, కడుపులో బాలేదు పడుకుంటానంది. శనివారం మిగిలిన కేకు ముక్క తిని ఉంటుందని తిట్టి, బంతిని చంకనేసుకుని దిగాను.

ఆంటీ ఆ పసుపు స్కర్టు తిరగేసి మిషను కింద పెట్టబోయి ఆగింది. కళ్ళజోడు సర్దుకుని పక్క కుట్టు కిటికీ వైపు పెట్టి చూసింది. విప్పిన కుట్ల చిల్లులు వరసగా, ఒకదాని లోపల ఒకటి, మూడు గీతలు.

"ఇన్నిసార్లు ఎందుకు విప్పావమ్మాయ్?"

"వదులైపోతోంది ఆంటీ. నాకు కటింగ్ ఇంకా రాలేదు, ఎన్నిసార్లు పట్టినా వారానికల్లా మళ్ళీ వదులే."

"ఉతికావా?"

"నాలుగైదుసార్లు ఉతికి ఉంటా."

ఆవిడ బట్టని రెండు వేళ్ళ మధ్య నలిపింది. మిషను కింద పెట్టలేదు.

"ఇది కాటన్. ఉతికితే బిగుస్తుంది గానీ వదులవదు" అంది. నడుము పట్టీ చాపి చూసి, "ఇది చిన్నదానిదా, పెద్దదానిదా?"

"పెద్దదానిది."

"దాన్ని ఒకసారి కిందకి తీసుకురా, చూద్దాం."

అంతే అంది. గొంతు కూడా పెంచలేదు. నేను సంచి అక్కడే వదిలేసి మెట్లెక్కాను, బంతి నా వెనక ఒక్కో మెట్టూ లెక్కపెడుతూ వస్తోంది.

పిట్ట వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. బట్టల మీద వాంతి చేసుకుంది. కడిగి వేరేది తొడుగుదామంటే దానికి కుట్టినవన్నీ కింద ఆంటీ దగ్గరే ఉన్నాయి, చేతికందేలా తీగ మీద బంతి స్కర్టు ఒక్కటే ఉంది. సరే, కాసేపటికేగా అని అది తొడిగి గుండీ పెట్టి, "నిలబడు, కిందకి వెళ్దాం" అన్నాను.

అది నిలబడింది. స్కర్టు జారి కాళ్ళ దగ్గర పడింది.

"అక్క స్కర్టు పడిపోయింది" అని బంతి పగలబడి నవ్వింది. పిట్ట నవ్వలేదు, పైకి లాక్కోలేదు, సిగ్గుపడలేదు. నాకేసి చూస్తూ నిలబడింది. ఐదు వారాలుగా దాని ఒంటికి బట్టలు సరిచేస్తున్నాను గానీ దాని ఒంటిని నేను చూడలేదు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఉన్నచోట నిలబడే మెట్లెక్కి వచ్చినదానిలా ఊపిరి తీస్తోంది, దగ్గరికి తీసుకుంటే నోట్లోంచి బాగా మాగిపోయిన పండు వాసన వస్తోంది.

దాన్ని దుప్పట్లో చుట్టి కిందకి ఎత్తుకొచ్చాను. ఆంటీ బంతిని తన దగ్గర ఉంచుకుని, నా సంచి నా భుజాన తగిలించి ఆటో ఆపింది. ఆటోలోంచి అక్కకి ఫోన్ చేశాను. డ్యూటీలో ఉండగా చెయ్యడం అదే మొదటిసారి కాబట్టి, ఎత్తుతూనే "ఏమైంది?" అంది.

"పిట్టని ఆసుపత్రికి తీసుకెళ్తున్నా అక్కా."

"ఏమైందే?"

"తెలీదు. చాలా రోజుల్నుంచి ఏదో అవుతోంది."

అటు కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత అక్క గొంతు, నాతో కాదు, "పక్క కౌంటర్‌కి వెళ్ళండి బాబూ, ఇది మూసేస్తున్నాను" అంటోంది.

ఆసుపత్రిలో నర్సు పిట్ట వేలి కొసన సూదితో గుచ్చి రక్తం చిన్న మిషనులో పెట్టింది. మిషను అంకె చూపించలేదు. షుగర్ మరీ ఎక్కువుంటే అంకె రాదట. తర్వాత నన్ను బయటికి పంపేశారు. అద్దం తలుపులోంచి దాని పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి, చుట్టూ నలుగురు.

అక్క వచ్చింది, మెళ్ళో కార్డుతోనే. డాక్టరమ్మ బయటికి వచ్చి, పిల్ల ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయిందని, ఒంట్లో విషం చేరిందని, ఈ రెండు రోజులు దాటాలని చెప్పింది. దాటాలి అన్న మాట అక్కకి అర్థం కావడానికి టైము పట్టింది. డాక్టరమ్మ కాగితం తీసింది.

"బరువు తగ్గడం ఎప్పట్నుంచి గమనించారు?"

"తగ్గలేదు డాక్టర్ గారూ" అంది అక్క వెంటనే. "బట్టలన్నీ సరిగ్గానే పట్టాయి. నేను స్వయంగా చూశాను. నడుము దగ్గర వేలు కూడా దూరలేదు." నాకేసి తిరిగింది. "చెప్పవే, చూశాం కదా."

నా సంచిలో కొలతల పుస్తకం ఉంది. తీశాను. చెప్పడానికి నాకు వేరే మాటలు లేవు, అందులో ఉన్నదే చదివాను.

"మొదటి వారం సోమవారం ఇరవై ఒకటిన్నర. రెండో వారం శుక్రవారం ఇరవై ఒకటి. మూడో వారం బుధవారం ఇరవై. నాలుగో వారం శనివారం పంతొమ్మిదింబావు. ఇవాళ కొలవలేదు."

డాక్టరమ్మ తేదీలతో సహా రాసుకుంది. "నీళ్ళు?" అంది. చెప్పాను. "పక్క తడపడం?" ఐదుసార్లని చెప్పాను. "తీపి?" అదీ చెప్పాను, పదకొండు ఐసు ముక్కలతో సహా. అక్క నాకేసి చూడటం మానేసి డాక్టరమ్మ కలం కేసి చూస్తోంది, అది కాగితం మీద ఎటు వెళ్తే అటు.

"మీ బిస్కెట్ల వల్లా ఐసు వల్లా ఇది రాలేదు" అంది డాక్టరమ్మ నాతో, కలం మూస్తూ. "అది తెలుసుకో. కానీ రెండు వారాలు ముందు తీసుకొచ్చి ఉంటే ఈ గదిదాకా రావాల్సిన పని ఉండేది కాదు."

బావకి చెప్పలేదు. ఆ టైముకి బస్సు సగం దారిలో ఉంది. అక్క గోడ గడియారం ఎదురుగా కూర్చుని, బస్సు చేరి, జనం దిగి, బావ తాళం తీసేదాకా, నాలుగూ నలభై దాకా ఆగి, అప్పుడు ఫోన్ చేసింది. అంతసేపూ ఫోను రెండు చేతుల మధ్య పట్టుకునే ఉంది. మర్నాడు పొద్దున్న బావ వేరే ఎవరిదో బస్సులో వెనక నిలబడి వచ్చాడు, యూనిఫాం మాసిపోయి ఉంది. లోపలికి వెళ్ళి పిల్లని చూసి వచ్చాక నా దగ్గర ఆగాడు.

"ఏమైనా తిన్నావా మరదలా?"

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

రెండు రోజులు దాటింది. మూడో రోజు పిట్టని వార్డులోకి మార్చారు, నాలుగో రోజు అది నన్ను దగ్గరికి రమ్మని వేలితో పిలిచింది.

"పిన్నీ, పక్క తడిపిన సంగతి అమ్మకి చెప్పేశావా?"

"చెప్పేశాను."

"ఒట్టు పెట్టావుగా." దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. "అందుకేనా అమ్మ కోపంగా ఉంది?"

"నీ మీద కాదే. నా మీద."

"నా మీద కాదు కదా" అని ఖాయం చేసుకుని పక్క మంచం పిల్ల గురించి మొదలుపెట్టింది, ఆ పిల్లకి కాలు విరిగిందట, కట్టు మీద అందరి పేర్లూ రాయించుకుంటోందట, తన పేరు రాయడానికి చోటు లేదందట. అది మాట్లాడుతూనే ఉంది. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

అక్క నాతో అవసరమైన మాటలే మాట్లాడేది. మందుల చీటీ ఏది, బంతి తిందా, అంతే. ఆ సాయంత్రం వార్డు వరండా చివర పంపు దగ్గర అక్క గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడ్డాను.

"నేను నిన్ను అడిగాను" అంది, గిన్నెలోకి చూస్తూనే. "చిక్కిందా అని అడిగాను."

"అడిగావు."

"బాగా కుట్టావని మెచ్చుకున్నాను కూడా."

నేను కడిగిన గిన్నె అందుకుని బోర్లించాను.

"కన్నదాన్ని. నాకు కనిపించింది. కనిపించీ నీ మాట నమ్మాను, ఎందుకంటే నమ్మితే మర్నాడు డ్యూటీకి వెళ్ళొచ్చు." పంపు కట్టేసింది. "దుప్పట్లు ఐదుసార్లా?"

"ఐదుసార్లు."

"ఐదుసార్లు" అని గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి పంపేముందు రోజు నర్సు మా ఇద్దర్నీ కూర్చోబెట్టింది. రోజుకి నాలుగుసార్లు సూది, తినేముందు, టైము తప్పకూడదు, వేశాక తినకపోయినా ప్రమాదమే. పొద్దున్నా రాత్రీ అక్క వేస్తుంది. మధ్యలోవి? బావ దారిలో ఉంటాడు. అక్క పెట్టిన సెలవు రేపటితో సరి, సీజను ఇంకా అయిపోలేదు. స్కూలు తెరిచాక ఏం చెయ్యాలో అప్పుడు చూసుకోవాలి, కానీ అప్పటిదాకా ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. నా కాలేజీకి ఇంకా మూడు వారాలుంది.

"నేను వేస్తాను" అన్నాను.

"నీ మీద నాకు నమ్మకం లేదు" అంది అక్క. కోపంగా కూడా అనలేదు, బస్సులో సీట్లు లేవని చెప్పినట్టు చెప్పింది. నర్సు మా ఇద్దరికేసీ చూసింది.

"సిస్టర్, ఉత్త ఉప్పునీళ్ళు ఉంటాయన్నారుగా, నేర్చుకునేవాళ్ళకి?" అంది అక్క.

నర్సు చిన్న సీసా, సన్న సూదులు తెచ్చింది. అక్క చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి నా ముందు పెట్టింది.

"ముందు నాకు వెయ్యి."

నర్సు చెప్పినట్టు నీళ్ళు లాగాను, గాలి బుడగ పోయేదాకా గోటితో కొట్టాను, దూదితో తుడిచాను, చర్మం రెండు వేళ్ళతో పట్టాను. గుచ్చాను. అక్క తన చేతికేసి చూడలేదు, సూది లోపలికి వెళ్ళి బయటికి వచ్చేదాకా నా మొహంలోకే చూసింది.

"మళ్ళీ" అంది.

రెండోసారి వంకరగా గుచ్చాను, చుక్క రక్తం వచ్చింది. "మళ్ళీ." మూడోసారి సీసాలోంచి ఎక్కువ లాగేశాను, నర్సు ఆపేలోపే అక్క ఆపింది. "ఎంత వెయ్యాలి? చదివి చెప్పు. పైకి చదువు." చదివాను. నాలుగోసారి కొలత సరిగ్గా వచ్చింది, సూది తిన్నగా దిగింది. అక్క భుజం మీద నాలుగు ఎర్ర చుక్కలు.

"ఊ" అంది చెయ్యి దించుకుంటూ. "ఇలా వేస్తే పిల్లకి నొప్పి తెలీదు."

పిట్టని ఇంటికి తెచ్చిన మర్నాడు అక్క కౌంటర్‌కి వెళ్ళింది. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఫోను మోగింది. అక్క నంబరు, ఎత్తాను. వెనక స్టాండు గోల, ఎవరో కిటికీ సీటు కావాలంటున్నారు. నేను ఫోను బల్ల మీద పెట్టి, అంకె పైకి చదివి, పిట్టకి వేసి, "వేశాను" అన్నాను. అక్క ఫోను పెట్టెయ్యలేదు. పిట్ట కంచంలో చివరి ముద్ద తినేదాకా అలాగే ఉంచింది, ఈలోగా అటు ఎనిమిది టికెట్లు కొట్టింది. సాయంత్రం నాలుగున్నరకి మళ్ళీ మోగింది. మర్నాడూ అంతే. పదకొండు రోజులు అంతే.

పన్నెండో రోజు పన్నెండున్నరకి ఫోను మోగలేదు. పిట్ట చొక్కా పైకెత్తి పట్టుకుని, "అమ్మ చెయ్యలేదేంటి పిన్నీ?" అంది. కాసేపు చూశాను. టైము దాటకూడదు కదా, అంకె పైకి చదివి వేసేశాను. అన్నం తినిపించాను. ఒంటిగంట దాకా ఆగి, ఆగలేక నేనే చేశాను.

"ఏంటే?" అంది అక్క.

"వేశాను."

"తెలుసు. జనం ఉన్నారు, పెట్టెయ్."